రెండు వేళ్లు ఎక్కువ

ఇషాక్ సాబ్ లెక్క ప్రకారం ఈ లోకంలో ప్రతిదీ రెండు వేళ్లు ఎక్కువే ఉంటుంది.

దేవుడు చేసినా, దర్జీ చేసినా, ఫోటో స్టూడియోవాడు చేసినా సరే. ఏది తన ముందుకు వచ్చినా ఆయన ఒక కన్ను మూసి, చూపుడు వేలూ నడిమి వేలూ జోడించి దాని అంచుకు ఆనించి, "రెండు వేళ్లు ఎక్కువున్నది" అని తీర్పు చెప్పేవాడు. చెప్పి ఊరుకుంటే ఎవరికీ బాధ లేదు. కానీ ఆయన వృత్తే కత్తెర పట్టుకునేది. నిజామాబాదులో కంఠేశ్వర్ పోయే దారిలో ఆయనది పటాలు కట్టే దుకాణం. చేతికి వచ్చిన ఫోటో ఏదైనా కత్తెర దెబ్బ తినకుండా అద్దం వెనక్కి పోయింది లేదు.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో గుమాస్తా హన్మండ్లు తన పెళ్లి ఫోటో కట్టమని ఇచ్చాడు. పటం చేతికి వచ్చాక చూసుకుంటే చివరన నిలబడ్డ మేనమామ లేడు. పెళ్లికొడుకు భుజం మీద మాత్రం ఎవరిదో చెయ్యి ఉంది.

"ఇషాక్ భాయ్, మా మామ ఏడి?"

"ఉన్నడు గదా."

"ఏడున్నడు? చెయ్యొక్కటే ఉన్నది!"

"చెయ్యి ఉన్నదంటే మనిషి వచ్చినట్టే. పెండ్లికి రాలేదని ఎవడన్న అంటడా?"

ఆ మేనమామ ఆరు నెలలు అలిగి కూర్చున్నాడు. తర్వాత ఆ కుటుంబంలో ఆయన్ని 'చెయ్యి మామ' అనడం మొదలుపెట్టారు. పేరు స్థిరపడిపోయింది కాబట్టి ఆయన కూడా అలక మానేశాడు.

ఇంట్లో ఇషాక్ సాబ్ భార్య ఖాతూన్‌బీ పడిన పాట్లు వేరే. ఆ ఇంటి పరదాలన్నీ గడపకు రెండు వేళ్లు పైనే వేలాడేవి. ఆయన పైజామా మడమలను ఏనాడూ ముట్టింది లేదు. "నిఖా నాడు నన్ను సుత ఒక కన్ను మూసి సూసిండు. నా అదృష్టం, అప్పుడు చేతిల కత్తెర లేదు" అని ఆవిడ ఇరుగుపొరుగు ఆడవాళ్లకు చెప్పి నవ్వేది.

అందరికంటే ఎక్కువ నష్టపోయినవాడు రాందాసు మాస్టారు. ఊరి చివర క్రైస్తవ మిషన్‌వారి బేతనియ కాలేజీలో ఆయన డ్రాయింగ్ మాస్టారు. ఒక ఎండాకాలం కందకుర్తిలో నాలుగు రోజులు గట్టున కూర్చుని, గోదావరిలో మంజీర కలిసే చోటును రంగుల్లో వేశాడు. తన జన్మలో అంత మంచి బొమ్మ వేయలేదని ఆయన నమ్మకం. దాన్ని తెచ్చి ఇషాక్ సాబ్ చేతిలో పెట్టడం ఆయన చేసిన తప్పు.

"భాయ్, సంగమం ఏది?"

"గదే గద. నీళ్లు కనిపిస్తలేవా?"

"అది గోదావరి. మంజీర ఏది?"

"రెండు వేళ్లు ఎక్కువైంది."

"నది ఎక్కువైతదా భాయ్!"

"గోదావరిల కలిసేదే గదా మాస్టర్ సాబ్. జర ముందుగాల్నే కలిసిందనుకో."

రాందాసు వారం రోజులు అన్నం సహించక తిరిగాడు. ఆ తర్వాత మళ్లీ అదే దుకాణానికి వెళ్లాడు. ఎందుకంటే ఇషాక్ సాబ్ కట్టిన పటం గోడ మీద నుంచి పడినా మూలలు విడిపోవు. పైగా ఆయన మాట్లాడుతుంటే ఎంత కోపమైనా పావుగంట కంటే నిలబడదు.

అరవై ఆరులో కాలేజీలో చిత్రలేఖనం పోటీ పెట్టారు. బహుమతి వచ్చిన ముగ్గురినీ మిషన్‌వారే తమ ఖర్చుతో డ్రాయింగ్ టీచర్ ట్రైనింగుకు హైదరాబాదు పంపిస్తారు. ఆ మాట వినగానే రాందాసుకు గంగమణి గుర్తుకొచ్చింది. బోధన్ అవతల చెరుకు పండించే పోశయ్య కూతురు. కాలేజీలో చాక్‌పీసు కనబడితే చాలు, అరుగు మీద బొమ్మ వేసేసే పిల్ల. "ఈ ఏడు ఏదన్న దారి దొరికితే సరి. లేకుంటే ఇంటికొచ్చి చెరుకు కొట్టుడే" అని పోశయ్య ముందే చెప్పేశాడు. చెరుకు కోత ఆ అమ్మాయికి కొత్త కాదు. కానీ ఒకసారి వెళితే మళ్లీ కుంచె పట్టదని రాందాసుకు తెలుసు.

పోటీకి ప్రిన్సిపాల్ జ్ఞానప్రకాశం గారు పెట్టిన నిబంధన ఒక్కటే. కాగితం పొడవు ఇరవై రెండు అంగుళాలు, ఎత్తు పదిహేను. వెంట్రుకవాసి తగ్గినా బొమ్మ పక్కకు పోతుంది. ఆయన గుంటూరు వైపు మనిషి. ఆయన పాదిరీ కాదు, నలుగురు పిల్లల తండ్రి. అయినా ఇషాక్ సాబ్ ఆయన్ని 'ఫాదర్ సాబ్' అనే పిలిచేవాడు. ప్రార్థన పుస్తకంతో పాటు ఇత్తడి స్కేలు ఒకటి ఎప్పుడూ ఆయన చేతిలో ఉండేది. ముందటేడు అరంగుళం తక్కువైందని ఇద్దరి బొమ్మలు బయట పెట్టించారు. ఆ ఇద్దరూ తమ బొమ్మలు చంకలో పెట్టుకుని ఏడుస్తూ వెళ్లడం ఇషాక్ సాబ్ గేటు దగ్గర నిలబడి చూశాడు కూడా.

ఈసారి ఇచ్చిన విషయం బైబిల్లో జలప్రళయం నాడు జంతువులన్నీ ఎక్కిన నోవహు ఓడ. నలభై రెండు బొమ్మలు వచ్చాయి. జలప్రళయం ఎవరూ చూడలేదు కాబట్టి సగం మంది నిజాంసాగర్ గేట్లన్నీ ఒక్కసారే ఎత్తినట్టు వేశారు. ఒకడి వరదలో ఫ్యాక్టరీ పొగగొట్టం కూడా తేలింది. రాందాసు బొమ్మలన్నీ కట్టగట్టి రెండు రోజులు లైబ్రరీ వెనక గదిలో ఉంచి, శనివారం పొద్దున ఇషాక్ సాబ్ దుకాణంలో దించాడు.

"భాయ్, నీకు దండం పెడ్త. కత్తెర ముట్టకు."

"ముట్ట."

"కసమ్? ఒట్టేనా?"

"ముట్ట అన్న గదా మాస్టర్ సాబ్. మాట గూడ నీది పొడుగైతున్నది."

సోమవారం పొద్దున హాల్లో పటాలు వరసగా పెట్టారు. హైదరాబాదు నుంచి జడ్జిగా వచ్చిన పెద్దావిడ టీ తాగుతోంది. ప్రిన్సిపాల్ గారు మొదటి పటం మీద ఇత్తడి స్కేలు ఆనించారు. ఎత్తు పదమూడున్నర. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ ఆనించారు. పదమూడున్నరే. రెండోది, మూడోది, పదోది అన్నీ పదమూడున్నరే. నలభై రెండు బొమ్మలకూ కింది అంచు రెండు వేళ్ల మేర ఎగిరిపోయింది.

ఇక హాల్లో గగ్గోలు. ఒకడి ఏనుగులకు కాళ్లు లేవు. ఇంకొకడు నాలుగు రోజులు కష్టపడి వేసిన మొసళ్లన్నీ పోయాయి. గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ ఇషాక్ సాబ్‌ను ప్రిన్సిపాల్ గారు పిలిచారు.

"ఏమిటయ్యా ఇది? ఎందుకు కోశావు?"

"రెండు వేళ్లు ఎక్కువున్నై, ఫాదర్ సాబ్."

"నలభై రెండూనా?"

"ఒక్కటి గూడ సరిగ్గ లేదు, సాబ్."

గంగమణి అందరినీ తోసుకుని ముందుకు వచ్చింది. "నీకేమన్న పుట్టిందా తాతా? నా ఓడ కింద నీళ్లన్ని కోసినవ్! ఓడ గాలిల నిలబడ్డది! నీకు చేతులెట్ల ఆడినయ్?"

"జలప్రళయమంటే మాత్రం గన్ని నీళ్లా బిడ్డా" అన్నాడు ఇషాక్ సాబ్ నెమ్మదిగా. గంగమణి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అది చూసి రాందాసుకు ఒళ్లు మండిపోయింది. "నీ దుకాణం గడప తొక్కితే నా పేరు రాందాసు కాదు!" అని అందరి ముందూ అరిచేశాడు.

ప్రిన్సిపాల్ గారు చెమట తుడుచుకున్నారు. నిబంధన ప్రకారం ఒక్క బొమ్మ కూడా చెల్లదు. జడ్జిగారు టీ కప్పు కింద పెట్టి, "అయితే నేను మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోనా?" అని అడిగింది.

"అది కాదండీ, నిబంధన..."

"ఆ నిబంధన ఎందుకు పెట్టారు?"

"అందరికీ సమానంగా ఉండాలని."

"సమానంగానే ఉన్నాయి కదండీ! దారం పట్టి కోసినట్టున్నాయి."

ప్రిన్సిపాల్ గారు స్కేలు చంకలో పెట్టుకుని పక్కకు జరిగారు. పోటీ జరిగింది. గంగమణి బొమ్మ ముందు ఆ పెద్దావిడ చాలాసేపు ఆగింది. ఓడలో నోవహు భార్య జొన్నరొట్టెలు కొడుతోంది. పొయ్యి ముందు జంతువులన్నీ వరసలో కూర్చున్నాయి. ఏనుగు తొండం పిండిగిన్నెలో ఉంది. అందరికంటే వెనక నోవహు పళ్లెం పట్టుకుని తన వంతు కోసం చూస్తున్నాడు. "ఇంతమందికి వండిపెట్టిందెవరో ఈ పిల్లకొక్కదానికే గుర్తొచ్చింది" అని ఆవిడ నవ్వి, మూడో బహుమతి రాసింది.

గంగమణికి సీటు దొరికింది. ఇషాక్ సాబ్‌కు కాలేజీ పని పోయింది. ఇకమీద పటాలు వేరే దుకాణానికే ఇవ్వాలని ప్రిన్సిపాల్ గారు ఉత్తర్వు రాశారు. సాక్ష్యంగా కోసిన ముక్కలు తెచ్చి ఫైలులో పెట్టమని రాందాసుకు చెప్పారు.

మంగళవారం రాందాసు నిన్నటి శపథం మరిచిపోయి దుకాణం గడప తొక్కాడు. ఇషాక్ సాబ్ నమాజుకు వెళ్లాడు. మూలన గంపలో కాగితం పట్టీలు ఉన్నాయి. రాందాసు ఒక్కొక్కటీ తీసి సర్దుతున్నాడు. అన్నీ నున్నగా, ఒకే వెడల్పున ఉన్నాయి. ఒక్కటి మాత్రం చింపిరి చింపిరిగా, పళ్ల గాట్లతో ఉంది. దాని వెనక అట్టకు బెల్లం పాకం అంటుకుని చీమలు తిరుగుతున్నాయి.

"ఇదేంది ఖాతూన్ వదినా?"

"ఎల్క కొర్కింది, మాస్టర్ సాబ్. మీ లైబ్రరీ ఎల్క" అంది ఖాతూన్‌బీ లోపలి నుంచి వస్తూ. "ఎవరో పొల్ల జిగురు దొరకక కాయితాన్ని బెల్లం పాకంతోని అట్టకు అతికించింది. పాకం కిందికి జారింది. ఎల్క కమ్మగ కింది అంచంత తిన్నది. మా ఆయన కట్ట ఇప్పంగనే సూసిండు. ఇగ చూడు, ఐతారం నాడు తిండి లేదు, నిద్ర లేదు. నలభై రెండు పటాలకు చెక్క పట్టీలు పాత కొలతకు ముందే కోసి పెట్టిండు. అన్ని మల్ల కోసిండు. గా చెయ్యి చూడుండ్రి, బొబ్బలెక్కింది."

రాందాసు ఆ పట్టీ వెనక్కి తిప్పాడు. సగం మిగిలిన అక్షరాల్లో 'గంగమ' అని ఉంది. తాను లైబ్రరీ గదిలో పెట్టిన కట్టే అది. నిన్న అరిచిన అరుపులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇషాక్ సాబ్ వచ్చి, ఆయన చేతిలో పట్టీ చూసి భార్య వైపు గుర్రుగా చూశాడు.

"ఎందుకు చెప్పలేదు భాయ్? ఆ పొల్ల నిన్ను నలుగుర్ల తిట్టింది."

"తిట్టనీ. ఎల్క కొర్కిందంటే ఫాదర్ సాబ్ ఆ బొమ్మను బయట పెడ్తుండె."

"కిందికి ఒక ముక్క అతికేస్తే అయిపోతుండె గదా?"

"అతుకేస్తే అతుకు కనిపిస్తది, మాస్టర్ సాబ్. అందరియి కోస్తే నా పిచ్చి కనిపిస్తది. నా పిచ్చి ఊరంతకు ఎర్కే." ఆయన ఆ పట్టీని తీసుకుని పొయ్యిలో వేశాడు. "ఆ పొల్లకు చెప్పకు. పైలంగ హైదరాబాద్ పోనీ. ఎవరన్న అడిగితే ఆమె ఎవరో నాకు తెల్వదు, నేనెవరో ఆమెకు తెల్వదు."

రాందాసు సరాసరి ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లాడు.

"సార్, తప్పు నాది. ఇషాక్ సాబ్‌కు కొలత నేనే చెప్పాను. పదమూడున్నర అన్నాను."

ప్రిన్సిపాల్ గారు కళ్లద్దాల పై నుంచి చూశారు. "పదిహేను అని నోటీసు పెట్టాను కదా!"

"మరిచిపోయాను సార్."

"మరి నిన్న హాల్లో ఆయనెందుకు చెప్పలేదు?"

"నన్ను కాపాడాలని సార్. మంచి మనిషి."

"నిన్న మీరే కదా ఆయన మీద కేకలు వేశారు?"

"అది కూడా మరిచిపోయాను సార్" అన్నాడు రాందాసు. ప్రిన్సిపాల్ గారు ఆయన్ని ఎగాదిగా చూసి, ఉత్తర్వు కాగితం చింపి బుట్టలో వేశారు. ఇత్తడి స్కేలు రాందాసు చేతిలో పెట్టారు. "ఇది మీ దగ్గరే ఉంచుకోండి. రోజుకొకసారి అంగుళాలు లెక్కపెట్టుకోండి. ఆ ముసలాయనకు పిచ్చి అనుకున్నాను గానీ, మీకు అంతకంటే ముదిరింది మాస్టారూ."

సాయంత్రం రాందాసు జేబులోంచి స్కేలు బయటికి పొడుచుకు వస్తుండగా దుకాణం ముందు నుంచి నడిచాడు. ఇషాక్ సాబ్ పని ఆపి తల ఎత్తాడు.

"ఏమన్నడు ఫాదర్ సాబ్?"

"నీ పని నీకే ఉన్నది. నన్ను మాత్రం పిచ్చోడన్నడు."

ఇషాక్ సాబ్ బల్ల మీది చెక్క పట్టీలు పక్కకు జరిపి చోటు చేశాడు. లోపలికి తిరిగి కేక వేశాడు.

"ఖాతూన్! ఇంకో చాయ్ తే. మనోడు ఇంకొకడు తయారైండు."