సరళ పేరు తీసేయాలా

హిమబిందు గుడ్లవల్లేరులో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసేది. ముప్పై ఎనిమిదో ఏట, గుడివాడలో ఎరువుల కొట్టు నడిపే రాజీవ్‌ని పెళ్ళి చేసుకుంది. అతనికిది రెండో పెళ్ళి. మొదటి భార్య సరళ విషజ్వరంతో పోయి అప్పటికి మూడేళ్ళు. సరళ ఫోటోకి హిమబిందే రోజూ పూలు పెట్టేది. ఫోటోతో ఆమెకు పేచీ లేదు, ఫోనుతోనే.

సరళ నంబరును రాజీవ్ వదులుకోలేదు. ఆ సిమ్మును తన ఫోనులోనే వేసుకున్నాడు. వారానికి రెండు మూడుసార్లు చీరల కొట్టువాళ్ళో, ఇన్సూరెన్సువాళ్ళో ఆ నంబరుకు చేసేవారు.

ఒక ఆదివారం అతను అన్నం తింటూ ఫోను తీశాడు.

"సరళ గారున్నారా అండీ? నేత చీరల మీద ఆఫరుందండీ."

"ఊళ్ళో లేదండీ. వచ్చాక చెప్తాను," అన్నాడు రాజీవ్.

పప్పు వడ్డిస్తున్న హిమబిందు చేయి ఆగిపోయింది. రాజీవ్ సొంత నంబరుకు ఇలాంటివాళ్ళు చేస్తే విసుక్కుని కట్ చేస్తాడు. వీళ్ళ దగ్గర మాత్రం ఎంత ఓపిక! చనిపోయిన మనిషి ఊరెళ్ళిందట, తిరిగొస్తుందట. వస్తే తనెక్కడుండాలి?

మళ్ళీ ఫోనొచ్చినప్పుడు రాజీవ్ స్నానం చేస్తున్నాడు. ఈ నంబరు ఎవరిచ్చారని హిమబిందు నిలదీస్తే, అవతలి అమ్మాయి ఒక కంపెనీ పేరు చెప్పింది. జనం వివరాలు పోగుచేసి అమ్ముకునే కంపెనీ అది. లైబ్రరీలో తోటి ఉద్యోగి తేజస్విని దాని వెబ్‌సైట్ వెతికిపెట్టింది. మన వివరాలు అందులో చూసుకోవచ్చు, అక్కర్లేదంటే తీసేయమనీ అడగొచ్చు. తర్వాతి ఆదివారం రాజీవ్ కునుకు తీస్తుండగా, సరళ నంబరుకొచ్చిన ఓటీపీని అతని ఫోనులో చూసి హిమబిందు ఆ సైటులోకి వెళ్ళింది.

సరళ, గుడివాడ. వయసు నలభై నాలుగు. ఇష్టాలు: నేత చీరలు, పూలమొక్కలు, సముద్రతీర యాత్రలు.

నలభై ఒకటికే పోయిన మనిషికి ఏటా వయసు పెరుగుతూనే ఉంది. హిమబిందు తన నంబరూ కొట్టి చూసింది. వివరాలేవీ లేవని వచ్చింది.

మర్నాడు తేజస్విని, "తీసేయమని నొక్కేయండి మేడమ్, పీడా పోతుంది," అంది.

హిమబిందు వేలు అక్కడిదాకా వెళ్ళింది కానీ నొక్కలేకపోయింది. చాటుగా చేస్తే అది దొంగతనమే అవుతుందనిపించింది. సాయంత్రం ఆ పేజీ తెరిచి భర్త ముందు పెట్టింది. ఓటీపీ సంగతీ దాచలేదు.

అతను చాలాసేపు చదివాడు. "నువ్వే తీసేయొచ్చుగా."

"కుళ్ళుకుని తీసేశాననుకుంటారని."

"కుళ్ళుకున్నావా?"

"కుళ్ళుకున్నానండీ. చాలా."

రాజీవ్ తలదించుకున్నాడు. "పోయిందని చెప్తే అయ్యో, సారీ అంటారు. అది వినలేక మొదట్లో ఊళ్ళో లేదన్నాను. తర్వాత అలా అంటుంటే నాకే బాగుండేది."

మూడో రోజు రాజీవే, పేరు తీసేయమనే ఫారం తెరిచాడు. కారణం అడిగిన చోట 'మరణించారు' అన్న గడిలో టిక్కు పెట్టి పంపేసి, ఫోను పక్కన పడేసి పెరట్లోకి వెళ్ళిపోయాడు. హిమబిందు వెనకాలే వెళ్ళలేదు.

నెల తిరిగేసరికి ఫోన్లు బాగా తగ్గాయి. వేరే జాబితాల వాళ్ళెవరైనా చేస్తే, "ఆవిడ లేరండీ, చనిపోయారు," అనడం నేర్చుకున్నాడు. అప్పటినుంచే సరళ గురించి ఇంట్లో నోరు విప్పాడు. ఆమెకు కోపమెక్కువట. ఒకసారి పాలకాయతిప్ప బీచిలో పోట్లాడి, ఒక్కతే బస్సెక్కి వచ్చేసిందట.

"మీరేం చేశారు?"

"ఆటో మాట్లాడుకుని బస్సు వెంట పడ్డాను."

తన కోసం అతనెప్పుడూ అలా వెంటపడలేదు. హిమబిందుకు లోపల కలుక్కుమంది. అయినా, "బస్సు అందిందా?" అని అడిగింది.