పడవ ముందు పలక

నా చిన్నప్పుడు మా రేవులో మనిషికి మర్యాద వాడి పడవని బట్టి ఉండేది. సొంత పడవ ఉన్నవాణ్ణి గారూ, అండీ అనేవారు. లేనివాణ్ణి ఒరే అనేవారు. మా నాన్న చాలా ఏళ్ళు ఒరేగానే ఉన్నాడు. గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట, మడ చెట్ల మధ్య మా ఊరు. అక్కడ నాన్న ఒక ఆసామి పడవని గడకర్రతో నడిపి, పట్టిన రొయ్యల్లో వాటా తెచ్చి మమ్మల్ని పోషించేవాడు.

ఆ ఏడు వానలు తగ్గగానే ఇంట్లో ఉన్న ఒక్క గేదెనీ అమ్మేసి, అవతలి రేవులో ఒక తాతగారి దగ్గర పాత పడవ కొన్నాడు. తాతగారికి చూపు తగ్గి వేట మానేశారు. పడవ చిన్నదే. సన్నగా, తేలిగ్గా, నిలువునా కోసిన సొరకాయలా ఉండేది. అడుగు చదును కాబట్టి జానెడు నీళ్ళ మీద కూడా తేలేది. తాతగారి చేతిలో అది కొంగ ఎగిరినట్టు పోయేదని రెండు దరుల్లోనూ చెప్పుకునేవారు. మాకు కావలసింది ఆ వేగమే. సముద్రం వెనక్కి తగ్గే వేళకి పాయలో నీళ్ళు మోకాలి కిందికి దిగిపోతాయి. ఈలోగా పాయ మధ్య ఉన్న ఇసక మేట దాటి రేవుకి చేరకపోతే, మళ్ళీ నీళ్ళు ఎక్కేదాకా ఎండలో పడి ఉండాల్సిందే. రొయ్యలు కొనడానికి కాకినాడ నుంచి వచ్చే ఐసు లారీ ఎవరి కోసమూ ఆగదు. ఎండకి నల్లబడ్డ రొయ్యని అడిగే నాథుడుండడు.

తీరా మా చేతికొచ్చాక ఆ పడవ నడవనే లేదు. నాన్న వెనక కొసన నిలబడి, ఒళ్ళంతా విల్లులా వంచి గడకర్ర పొడిచినా ముసలెద్దులా కదిలేది. ముందు కొస మాత్రం దర్జాగా ఆకాశం కేసి లేచి ఉండేది. మన పడవ ఎలా తలెత్తుకుని పోతోందో చూడండని మొదట్లో నాన్న మురిసిపోయాడు కూడా. వెనకాల మాత్రం బురద సుడులు తిరుగుతూ లేచేది. చాలా రోజులు మేట దగ్గరే ఇరుక్కుని, లారీ వెళ్ళిపోయాక ఇంటికొచ్చేవాడు.

ఆసామి అది చూసి ఊరుకుంటాడా? రేవులో అందరూ ఉండగా, "ఏంట్రా, పడవ కొన్నావా, పట్టెమంచం కొన్నావా? ఆ నడకకి చూసేవాళ్ళకే నిద్రొచ్చేత్తంది! నీ గడకర్ర నా పడవలో అట్టాగే ఉంచాన్లే, ఎప్పుడైనా వచ్చెయ్" అన్నాడు. నాన్న నవ్వేసి వచ్చాడు గానీ ఆ పూట అన్నం ముట్టలేదు. గేదె పోయింది. మజ్జిగ లేని అన్నం తింటున్నాం. ఇప్పుడు మళ్ళీ వెళ్ళి ఆ గడకర్రే పట్టుకుంటే ఇక జన్మంతా ఒరే అనే పిలుపేనని మా అందరికీ తెలుసు.

బరువు తగ్గిస్తే పరిగెడుతుందని నాన్నకి తోచింది. ముందు కొసలో ఉండే లంగరు రాయి తీసేశాడు. అక్కడే పెట్టుకునే నీళ్ళ కుండ తీసేశాడు. అదనపు వల ఇంటికి తెచ్చేశాడు. ఆ కొసలోనే అడ్డంగా ఒక పలక ఉండేది. ఎన్నేళ్ళ నుంచో ఎవరో కూర్చుని కూర్చుని అద్దంలా నున్నగా అరిగిపోయింది. ఆఖరికి దాన్నీ ఊడదీశాడు. ఒక్కొక్కటీ తీసే కొద్దీ పడవ ముక్కు ఇంకా పైకి లేచింది, నడక ఇంకా మందగించింది.

ఆ పలకని మా మామ్మ పీట చేసుకుంది. మామ్మ లేనప్పుడు దాని మీద నేను కూర్చునేదాన్ని. నా చదువు రెండో తరగతితో సరి. వచ్చేపోయేవాళ్ళ కబుర్లు వింటూ ఎంతసేపైనా కదలకుండా కూర్చోవడం నాకొచ్చిన విద్య. "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయే పిల్లా!" అని మామ్మ రోజూ దెప్పేది.

ముసలాయన మోసం చేశాడని నాన్న రేవులో నోరు జారాడు. మాటకి పడవ అక్కర్లేదు కదా, అవతలి దరికి ముందే చేరిపోయింది. ఒక మధ్యాహ్నం ఆ తాతగారి భార్య బల్లకట్టు దిగి, చేతికర్ర పోటేసుకుంటూ మా ఇంటికొచ్చేసింది. సన్నటి మనిషి, గొంతు మాత్రం గట్టిది.

"ఏం నాయనా, మా ఆయన మోసగాడంట కదా. రేవంతా చెప్పావంట. నాకూ చెప్పు మరి, ఇంటాను."

నాన్న తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకున్నాడు. "అది కాదండీ, పడవ నడవట్లేదండి. గేదెనమ్ముకుని కొన్నానండి."

తగువు తగువే, మర్యాద మర్యాదే. మామ్మ తన పీట జరిపి, కూర్చోండి వదినగారూ అంది. ఆవిడ వంగి ఆ పలకని చేత్తో నిమిరింది. కూర్చోలేదు. కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. ఎందుకో మాకెవరికీ అర్థం కాలేదు. పలక చంకన పెట్టుకుని, "పద నాయనా, నన్ను మా రేవులో దింపు. ఆయనకి అన్నం వేళవుతోంది. మాటలు దారిలో ఆడుకుందాం" అంది. నేనూ వస్తానని ఆవిడ కొంగు పట్టుకున్నాను. ఆడపిల్ల వేట పడవెక్కడమేంటని మామ్మ కసిరింది. "రానీండమ్మా, మరి నేనూ ఆడదాన్నే కదా" అంది ఆవిడ.

పడవలో పలకని దాని చోట్లో సర్దుకుని, ఎన్నేళ్ళ అలవాటో అన్నట్టు ముందు కొసన కూర్చుంది. నేను నాన్న కాళ్ళ దగ్గర కూర్చున్నాను. నాన్న గడకర్ర పొడిచాడు. పడవ ఒక్కసారిగా ముందుకి జారింది. వెనక బురద లేవలేదు. నీళ్ళు రెండు పక్కలా పట్టుచీర చింపినట్టు చీలిపోతున్నాయి. మేట దగ్గరకి రాగానే ఆవిడ చటుక్కున లేచి రెండడుగులు వెనక్కి జరిగింది. ముక్కు లేచి ఇసక మీదకి పాకింది. వెంటనే మళ్ళీ ముందుకెళ్ళి కూర్చుంది, తోక లేచి ఇసక దాటేసింది. దారంతా ఆవిడ మా ఇంట్లో చింతకాయ పచ్చడి పెట్టారా లేదా అనే మాట తప్ప ఇంకేమీ అడగలేదు. దిగేటప్పుడు పలక అక్కడే వదిలేసి, నా బుగ్గ గిల్లి వెళ్ళిపోయింది.

తిరుగుదారిలో పడవ మళ్ళీ ముసలెద్దయిపోయింది. "ఏదో మంత్రమేసింది" అని నాన్న గొణిగాడు. నేను ఆ ఖాళీ పలక కేసే చూస్తున్నాను. పాకుతూ వెళ్ళి దాని మీద కూర్చున్నాను. ముక్కు దిగింది. నాన్న మామూలుగా పొడిచిన పోటుకే పడవ ఎంత ముందుకి పోయిందంటే, ఆయన తూలి పడబోయాడు. గడకర్ర ఆనించి నిలదొక్కుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"కదలకమ్మా. అక్కడే కూర్చో."

అంతవరకూ ఎప్పుడు చూసినా లే, లే అనేవాళ్ళే గానీ, కూర్చోమని బతిమాలినవాళ్ళు లేరు నన్ను.

మామ్మ మాత్రం ఒప్పుకోలేదు. పిల్లెందుకు, అంత బరువు ఇసక మూట పెట్టుకోమంది. అదీ సబబుగానే తోచి నాన్న మూట పెట్టుకెళ్ళాడు. లోతు నీళ్ళలో బాగానే పరిగెత్తిందట. మేట దగ్గరకొచ్చేసరికి ముక్కు ఇసకలో దిగబడింది. మూటని అటూ ఇటూ ఈడ్చేసరికి నీళ్ళు కాస్తా తగ్గిపోయాయి. సాయంత్రం వాసనొచ్చిన రొయ్యలతో ఇంటికొచ్చి, "అమ్మా, మూటకి లేవడం తెలీదే. మన పిల్లకి తెలుసు" అన్నాడు. మామ్మ లోపలికెళ్ళి, మర్నాటికి నాకు చద్దన్నం మూట కట్టింది.

ఆ మర్నాడు నీళ్ళు తగ్గే వేళ. మేట ముందు అరడజను పడవలు వరసగా ఆగిపోయాయి. అందరికంటే ముందు ఆసామి పెద్ద పడవ. మనుషులు దిగి, నడుం వంచి తోస్తున్నారు. మేము వెనక నుంచి వచ్చాం. నేను నీళ్ళ రంగు చూస్తున్నాను. ఎర్రగా ఉంటే ఇసక దగ్గర, నల్లగా ఉంటే లోతు. కుడికి నాన్నా, కుడికి అని అరిచాను. ఇసక తగలబోతుంటే వెనక్కి గెంతాను. ముక్కు లేచింది. ముందుకి ఉరికి పలక మీద కూర్చున్నాను. తోక లేచింది. వాళ్ళందరి పక్కనుంచీ జారుకుంటూ పోతుంటే, మోకాళ్ళ లోతు బురదలో నిలబడి ఆసామి నోరు తెరుచుకుని చూశాడు. మేము వెళ్ళేసరికి ఐసు లారీ తలుపులు ఇంకా తెరిచే ఉన్నాయి. ఆ రోజు రేవులో మొదటి రొయ్య మాది.

సాయంత్రం ఆసామి మా గుమ్మంలోకి వచ్చాడు. "బావగారూ, మీ అమ్మాయిని ఒక్క రోజు మా పడవకి పంపుతారా?" అన్నాడు. నాన్న జవాబు చెప్పే లోపే మామ్మ అందుకుంది. "అదెక్కడికీ రాదు నాయనా. మా పిల్ల కూర్చుంటేనే మా పడవ లేచి పరిగెడుతుంది!" కొండలు కరుగుతాయన్న నోటితోనే ఆ మాటంది. అది విన్నప్పుడు ఎంత గర్వపడ్డానో, ఇప్పుడు చెబుతుంటే అంతే గర్వంగా ఉంది. నాన్న అవతలి రేవులో ఆ తాతగారి ఇంటికి వెళ్ళి, తన మాట తప్పని చెప్పి, మొదటి బుట్ట రొయ్యలు ఆవిడ చేతిలో పెట్టి వచ్చాడు. పెళ్ళయ్యేదాకా ఆ పలక నాదే.

పడవ ఎప్పుడో చివికిపోయింది. పలక మాత్రం నాతో అత్తారింటికి వచ్చింది. ఇప్పటికీ దాని మీద కూర్చునే చేపలు కోస్తాను. మా ఇంట్లో ఏ పనైనా ముందుకి సాగకపోతే పిల్లలు ఏది వదిలించుకుందామా అని చూస్తారు. నేను మాత్రం ఎవరు ఏ చోట కూర్చున్నారా అని చూస్తాను. నేను కోడలి చేతికి దుకాణం ఇప్పించిందీ, పనికిరాడన్న మరిదిని బేరానికి పంపించిందీ ఆ చూపుతోనే.

మొన్న మా మనవడు కాకినాడలో పాత ఫైబర్ పడవ, ఇంజనుతో సహా కొన్నాడు. నాలుగు రోజులు తిప్పి, "మోసపోయాను మామ్మా, నడవట్లేదు. తిరిగిచ్చేస్తాను" అంటూ గుమ్మంలో చతికిలబడ్డాడు. ఇంజను ఎక్కడుందిరా అంటే వెనక అన్నాడు. నువ్వెక్కడుంటావురా అంటే వెనకే అన్నాడు. వాడి పెళ్ళాం పక్కన నిలబడి నవ్వు ఆపుకుంటోంది. నేను కోస్తున్న చేపని పక్కన పెట్టి, లేచి, పలక కడిగి తుడిచి ఆ పిల్ల చేతికిచ్చాను.