రెండో అనుమతి రాకముందే

కొండల మధ్య ఆ ఎయిర్‌ఫోర్స్ ఎయిర్‌ఫీల్డ్‌లో నేను దిగిన రోజు వాన దంచికొడుతోంది. తూర్పు సరిహద్దు. ఒకటే రన్‌వే, దాని చివర నది, మిగతా మూడు వైపులా కొండలు. నా సామానంతా ఒక ట్రంకు పెట్టె, ఒక బెడ్డింగు. టవర్ అన్నది పేరుకే. రేకుల కప్పు కింద నాలుగు అద్దాల గది. అందులో మైకు ముందు ఒక ఆఫీసరు. పక్కన కార్పొరల్‌ని నేను, ఫోన్లూ వాతావరణం రిపోర్టులూ చూసుకుంటూ.

హైదరాబాదులో మా అమీర్‌పేటలో ఈ సంగతి మొదలెడితే చాలు, "ఎన్ని బాంబులేశారండీ?" అంటారు. ఒక్కటీ వెయ్యలేదు నాయనా. మా విమానాలు బియ్యం, కిరోసిన్, బూట్లు మోసేవి. పైన కొండల మీది సైనిక పోస్టులకి రోడ్లు లేవు. పొద్దున మబ్బు విడితే విడినట్టు. తొమ్మిదింటికల్లా మళ్లీ మూసుకుపోయేది. ఆ కాస్త సందులోనే అన్నీ ఎగరాలి.

విమానం బయల్దేరాలంటే టవర్ రెండు అనుమతులివ్వాలి. మొదటిది దారి. ఏ వైపు తిరగాలి, ఎంత ఎత్తుకి వెళ్లాలి అన్నది. పైలట్ దాన్ని తిరిగి అప్పజెప్పాలి, కానీ కదలకూడదు. రెండోది ఎగరడానికి. అది వచ్చాకే బ్రేకులు వదలాలి. పుస్తకంలో ఉన్నది ఇంతే.

మా దగ్గర మాత్రం మబ్బు తొందర. అక్కడ పాతుకుపోయిన పెద్ద కంట్రోలర్ రెండూ ఒకే ఊపిరిలో ఇచ్చేసేవాడు. పైలట్లకి అదే అలవాటైపోయింది. దారి వినగానే ఇంజన్లు పెంచేవాళ్లు, అప్పజెబుతూనే బ్రేకులు వదిలేసేవాళ్లు. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

ఆ పైలట్లలో ఒక ఫ్లైట్ లెఫ్టినెంట్ మన పంజాగుట్ట వాడు, ఇల్లు ఆ పక్కనే ఎర్రమంజిల్‌లో. నాది అమీర్‌పేట అని తెలిశాక హోదా పక్కన పెట్టి టవర్ మెట్లెక్కి వచ్చేసేవాడు.

"అన్నా, జర మబ్బు ఎటున్నదో చూడు."

"నదివైపు విడుతోంది సార్."

"మంచిగైంది. సెలవు దొరికితే ఎర్రమంజిల్ మా ఇంటికి రా. మా ఆమె మస్తు వండుతది."

పెద్ద కంట్రోలర్ సెలవు మీద వెళ్లాడు. ఆయన స్థానంలో మైదాన ప్రాంతం నుంచి కొత్తాయన వచ్చాడు. పద్ధతి మనిషి. మొదటి రోజే చెప్పాను.

"సార్, ఇక్కడ రెండూ కలిపే ఇస్తారు."

"పుస్తకంలో అలా లేదు కదా కార్పొరల్."

ఆయన అన్నదాంట్లో తప్పేముంది? కోపం తెచ్చుకోవడానికి కూడా వీలు లేని మనిషి.

మూడు రోజులు ఒక్క విమానమూ లేవలేదు. నాలుగో రోజు పొద్దున ఏడున్నరకి తెరిపిచ్చింది. వానకి కొండ మీంచి రాళ్లు జారి రన్‌వే అవతలి చివర పడ్డాయి. ఏరడానికి ట్రక్కులో ముగ్గురు కూలీలు వెళ్లారు. ఆ చివరంతా పొగమంచు, ఏమీ కనబడటం లేదు. ఇవతలి చివర పంజాగుట్ట ఆయన విమానం సిద్ధంగా నిలబడింది. లోపల ఆయన కాక ఇంకో ముగ్గురు.

రాళ్లు ఏరేలోపు దారి చెప్పేద్దామనుకున్నాడు కొత్తాయన. చెప్పాడు. ట్రక్కు ఉంది కాబట్టి రెండోది ఆపాడు. అటునుంచి దారి ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పారు. వెంటనే ఇంజన్ల మోత మారింది.

"సార్, కదిలింది!"

"లేదు. నేనింకా చెప్పలేదుగా."

తలెత్తి చూసేసరికి విమానం సగం రన్‌వే దాటింది. ఆగమని మైకులో గొంతు చించుకున్నాడు. అప్పటికి ఆగే వేగం కాదు. ట్రక్కు కనబడగానే పంజాగుట్ట ఆయన ముక్కు పైకి లాగేశాడు. నిండా బరువున్న విమానం ట్రక్కు మీంచి దాటింది. కానీ గాల్లో నిలవలేక నదిలో పడింది. నలుగురూ పోయారు. కూలీలకి గీత కూడా పడలేదు.

విచారణలో ఆ అలవాటు సంగతి మొత్తం చెప్పాను. అధికారి చివరిదాకా విన్నాడు.

"అలవాట్లు వద్దు. రెండో అనుమతి ఇచ్చారా, లేదా?"

"లేదు సార్."

అదొక్కటే తీసుకున్నారు. అనుమతి లేకుండా బయల్దేరిన పైలట్‌దే తప్పన్నారు. పెద్ద కంట్రోలర్ సెలవు నుంచి వచ్చి, మబ్బు విడగానే మళ్లీ రెండూ ఒకే ఊపిరిలో ఇచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

సర్వీసు అయ్యాక అమీర్‌పేటకి వచ్చేశాను. కంప్యూటర్ కోర్సుల బోర్డులు ఆకాశాన్ని మూసేసిన రోజులు. ముందు ఎర్రమంజిల్ వెళ్లాను, భోజనానికి పిలిచిన ఇంటికి. ఆయన భార్య తలుపు తీసింది. ఆ టవర్‌లో పనిచేసినవాణ్ణని చెప్పాను. నేను కూర్చోకముందే అడిగింది.

"నిజం చెప్పండన్నా. ఆయన అడగకుండ పోయిండా?"

"లేదమ్మా. అక్కడ రోజూ ఎలా వెళ్తారో అలాగే వెళ్లాడు. రన్‌వే మీదున్న ముగ్గురు కూలీల్ని కాపాడి పోయాడు."

"మరి గట్ల ఎందుకు రాయలే? నాకు పైసల ఫికర్ లేదు. రేపు నా బిడ్డ అడుగుతది. మీ నాయనదే తప్పని చెప్పాల్నా?"

ఆ ఒక్క మాట తీయించాలని ఇద్దరం తిరగని ఆఫీసు లేదు. నేను మళ్లీ వాంగ్మూలం రాసిచ్చాను. విచారణ ముగిసిందని జవాబొచ్చింది. మళ్లీ పంపాం. మళ్లీ అదే జవాబు. ఇప్పుడు వెళితే ఆమె ఛాయ్ ఇస్తుంది, ఎండల గురించి మాట్లాడుతుంది. ఆ సంగతి ఇక అడగదు. అడిగినప్పుడే నయం అనిపిస్తుంది.

అమీర్‌పేటలోనే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో, జావా క్లాసు పక్కగదిలో నేను కూడా పాఠాలు చెబుతున్నాను, ఎయిర్‌పోర్టు ఉద్యోగాలు కావాలనుకునే పిల్లలకి. రెండు అనుమతుల గురించి రెండు క్లాసులు కావాలన్నాను.

"గా రెండూ ఒక్క క్లాస్‌ల చెప్పేయరాదు సార్? బ్యాచ్ జల్ది అయిపోవాలె," అన్నాడు ఇన్‌స్టిట్యూట్ యజమాని.

ఒక్క క్లాసులోనే చెప్పాను.

నా కళ్లలో ఉండిపోయింది మాత్రం నదిలో పడ్డ విమానం కాదు. ఆ పొద్దున అది పడ్డాక జీపులో రన్‌వే చివరికి వెళితే, రాళ్లేరే కూలీ ఒకాయన పొగమంచులో నిలబడి ఉన్నాడు. పెద్ద రాయిని పొట్టకి ఆనించుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. కింద పెట్టెయ్యవయ్యా అన్నాను హిందీలో. తల అడ్డంగా ఊపాడు.

"రన్‌వే మీద పెట్టకూడదు సాబ్."