ఆరోగ్యమ్మ చేయించిన ఐస్‌క్రీం

ఆరోగ్యమ్మ చేతులు చూడ్డానికి మామూలు చేతులే. ముట్టుకుంటే తెలుస్తుంది వాటి సంగతి. జనవరిలో మిరపకాయల పని మొదలైతే ఏప్రిల్ దాకా ఆమె రోజూ పొద్దున్నే ఆరింటికి ఆటో ఎక్కి, గురజాల చుట్టుపక్కల కల్లాలకు పోతుంది. ఎండుమిరప రాశి ముందు కూర్చుని, తెల్లబడిన తాలుకాయలు ఏరి పక్కన పడేస్తుంది. సాయంత్రానికి అరచేతుల్లో నిప్పులు పోసినట్టుంటుంది. మజ్జిగ పూసుకుంది, కొబ్బరినూనె రాసుకుంది, సబ్బుతో పదిసార్లు తోముకుంది. ఏం చేసినా ఆ ఘాటు వదిలి చస్తేగా! ఆదివారానికి కాస్త తగ్గినట్టే ఉంటుంది, సోమవారం మళ్ళీ మొదలు.

మంట ఆమె ఓర్చుకుంటుంది. ఓర్చుకోలేనిది ఇంకొకటుంది. ఆరేళ్ళ కొడుకు సామేలు ఆమె దగ్గరికి రాడు. ఫిబ్రవరిలో ఒకరోజు ముద్ద కలిపి నోట్లో పెడితే వాడి పెదాలు వాచిపోయాయి. మరోరోజు నిద్రలో ఉన్నవాడి మొహం తుడవబోయింది, ఆ వేళ్ళు కంటికి తగిలాయి. గంటసేపు ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడ్చాడు. అప్పట్నుంచీ తల్లి చెయ్యి లేస్తే చాలు, రెండు చెంపలూ మూసుకుంటాడు. "ముట్టుకోమాకమ్మా, మండిద్ది" అంటాడు. కన్నకొడుకు ఆ మాట అంటుంటే ఏ తల్లికి బాగుంటుంది? మొగుడు ఇమ్మానుయేల్ లారీ డ్రైవరు, ఇంట్లో ఉండేది నెలకు నాలుగు రోజులు. పదకొండేళ్ళ కూతురు బ్లెస్సీయే తమ్ముడికి అన్నం పెడుతుంది, నీళ్ళు పోస్తుంది.

ఐస్‌క్రీం సంగతి తెచ్చింది కూడా బ్లెస్సీయే. బళ్ళో సైన్సు టీచరు చేసి చూపించిందట. "మిషను అక్కర్లేదమ్మా, ఐసులో ఉప్పేసి తిప్పితే చాలు, పాలు గడ్డకడతయ్" అంది. సరే వచ్చే ఆదివారం అంది ఆరోగ్యమ్మ. ఆ ఆదివారం నడుము పట్టేసింది. తరవాతి ఆదివారం చర్చి నుంచి వచ్చి పడుకున్నది, లేచేసరికి దీపాలు పెట్టారు. అట్లా నాలుగు వారాలు గడిచాయి. అయిదో వారం చర్చి నుంచి నడిచి వస్తుంటే సామేలు అక్కతో, "అమ్మ చెయ్యదులే అక్కా, అమ్మకి ఓపిక లేదు" అన్నాడు. ఏడుస్తూ అనలేదు వాడు, అలగలేదు. ఉన్నమాటే అన్నాడు. అది ఆమెకు గుండెలో కలుక్కుమంది. ఈసారి చేసి తీరాలి, వాడి నోట్లో తన చేత్తో ఒక్క చెంచాడైనా పెట్టాలి అనుకుంది. చెంచాతో పెడితే మండదు కదా.

అప్పటికప్పుడే బస్టాండు దగ్గర చెరుకురసం బండివాణ్ణి అడిగి ఐసుగడ్డ తెచ్చింది. గోనెపట్టాలో చుట్టి నెత్తిన పెట్టుకుంటే ఇంటికొచ్చేసరికి వీపంతా తడిసిపోయింది. పాలు పక్కింటి ఆదెమ్మ ఇచ్చింది. వాటిని సగానికి మరగబెట్టి, పంచదార వేసి, యాలకులు దంచి వేసి చల్లార్చింది బ్లెస్సీ. తల్లిని దేన్నీ ముట్టనివ్వలేదు. "అక్కడ కూచోని చెప్పమ్మా, చాలు" అంది. అదీ నిజమే, ఆ చేతుల ఘాటు పాలకు అంటుకుంటే ఇంకేమన్నా ఉందా!

ఐసు పగలగొట్టడం మాత్రం ఆరోగ్యమ్మ చేసింది, పచ్చడి బండతో. ప్లాస్టిక్ బకెట్లో సగం ఐసు, దాంట్లో కల్లుప్పు, మధ్యలో పాలు పోసిన స్టీలు క్యాను. మిగతా సగం గోనెపట్టాలో చుట్టి గుమ్మం పక్కన నీడన పెట్టారు. బ్లెస్సీ క్యాను చెవి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది, చేతులు నొప్పి పుడితే సామేలు తిప్పాడు. అరగంటకి బకెట్లో ఐసంతా నీళ్ళయింది. మూత తీస్తే అంచుల్లో కాస్త పట్టింది, అంతే.

"ఆ మిగిలింది వెయ్యవే, అయిపోయిద్ది" అంది ఆరోగ్యమ్మ.

బ్లెస్సీ గోనెపట్టా విప్పింది. లోపల వేలెడు ముక్కలు రెండున్నాయి.

ఇన్నాళ్ళ అలసటా ఆరోగ్యమ్మకు ఒక్కసారి నెత్తికెక్కింది. "ఒరేయ్ సామేలూ! ఐసంతా తినేశావురా? ఈ ఎండలో నెత్తిన మోసుకొచ్చా గదరా, సచ్చినోడా! ఒక్క గంట ఆగలేకపోయావా?" అని చెయ్యెత్తింది.

వాడు పరిగెత్తలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు అరచేతులతో చెంపలు కప్పుకున్నాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది.

దెబ్బ పడకపోయేసరికి వాడు ఒక కన్ను తెరిచి చూశాడు. మెల్లగా మంచం కిందికి దూరి, బట్టలుతికే బేసిను ఈడ్చుకొచ్చాడు. నీళ్ళలో ఐసుముక్కలు తేలుతున్నాయి.

"తినలేదమ్మా. నీ చేతులకి. ఉప్పేస్తే ఇంకా మండుతయ్ గదా, అందుకని దాంట్లో ఉప్పెయ్యకముందే తీశా."

ఆరోగ్యమ్మ నేల మీద కూలబడింది. రెండు చేతులూ బేసిన్లో పెట్టింది. అబ్బ! మూడు నెలల నుంచి అంత హాయి ఎరగదు. కళ్ళనుంచి నీళ్ళు కారుతుంటే ఆ చేతులతో తుడుచుకోవడానికి కూడా లేదు.

"గట్టిపడలేదమ్మా" అంది బ్లెస్సీ, ఏడుపు గొంతుతో.

"పోనీలేవే, తాగుదాం."

సామేలే చెంచా తీసుకుని ముందు తల్లి నోట్లో పోశాడు. చానా తియ్యగా ఉంది. తరవాత వాడు ఒక వేలితో ఆమె చెయ్యి తాకి చూశాడు. మళ్ళీ తాకాడు. "సల్లగుందే!" అని, ఆ చెయ్యి బయటికి లాగి తన చెంపకి ఆనించుకున్నాడు.

ఆమె ఊపిరి బిగబట్టింది. చలవ తగ్గితే ఘాటు మళ్ళీ పైకొస్తుందని ఆమెకు తెలుసు. ఇంకొక్క క్షణం, ఇంకొక్క క్షణం అనుకుంటూ ఉండి, తనే చెయ్యి తీసేసుకుని బేసిన్లో పెట్టింది.

"ఏందమ్మా, తీసేశావు?"

"ఇంకాస్త సల్లబడనియ్యి నాయనా" అంది.

బేసిన్లో ఐసు అప్పటికే కరిగిపోయింది.