ఐదు సెకన్ల మంట

కుందారపల్లి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చౌడమ్మ నోటికి జంకని మనిషి లేడు. మేనేజరు తిలక్ కూడా ఆమె కాయలు ఏరే బల్ల దగ్గరికి గొంతు సవరించుకునే వచ్చేవాడు. పదిహేడేళ్ళుగా అదే బల్ల. ఒక్క కుళ్ళు కాయను చెయ్యి దాటనిచ్చింది లేదు, ఒక్క తప్పును ఒప్పుకున్నదీ లేదు.

ఆమె మొగుడు అంకప్ప అక్కడే బాయిలరు చూసుకునేవాడు. గుజ్జు ఉడకాలంటే ఆవిరి కావాలి, ఆవిరి రావాలంటే బాయిలరు కింద ఆయిలు బర్నరు మండాలి. వేప్పనపల్లి నుంచి ఇద్దరూ ఒకే మోపెడ్ మీద వచ్చేవారు. ఆయన నడిపేవాడు, ఆమె మాట్లాడేది.

ఈ ఏడు సీజను మొదటిరోజే బర్నరు మొరాయించింది. స్విచ్ వేస్తే భగ్గున వెలుగుతుంది. ఐదు సెకన్లకు టక్కున ఆరిపోయి ఎర్ర లైటు వెలుగుతుంది. గేటు బయట తోతాపురి కాయల ట్రాక్టర్లు హైవే దాకా నిలిచిపోయాయి.

"అంకప్పా, పన్నెండు లోపల మంట నిలబడకపోతే హోసూరు కంపెనీవాళ్ళను పిలుస్తా," అన్నాడు తిలక్. "ఓనరు చెప్పేసినాడు. వాళ్ళొస్తే ఇంక బాయిలరు వాళ్ళదే."

అంటే అంకప్పకు పని పోయినట్టే. చేతిలో పని ఆగిన ఆడవాళ్ళంతా బాయిలరు గది వాకిట్లో చేరారు. అందరికంటే ముందు చౌడమ్మ.

అంకప్ప ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. ఫిల్టరు విప్పాడు, శుభ్రంగా ఉంది. ఆయిలు ప్రెషరు సరిగ్గానే ఉంది. నాజిల్ మార్చాడు. బర్నరుకు గాలి పోయే తలుపు కాస్త తెరిచాడు, కాస్త మూశాడు. ప్రతిసారీ మంట పసుప్పచ్చగా, పొగ లేకుండా లేచేది. ఐదు సెకన్లు. టక్.

"మిషనుకు గూడా అంకప్పన్న మాదిరే కోపమొచ్చినట్టుందే," అంది పక్క బల్ల గంగక్క.

"ఆయప్పకి కోపం రావాలన్నా నన్నడిగే రావాల," అంది చౌడమ్మ.

అంకప్ప చెమట తుడుచుకున్నాడు. "మంట బాగుండాది సార్. మంట ఉండాదని మిషనుకే తెలియడంలేదు. మండకుండానే ఆయిలు పోస్తాండామని అదే కట్టేసుకుంటాంది."

"దానికెట్లా తెలుస్తాది?"

"ఫోటోసెల్ అని చిన్న గాజు బిళ్ళ ఉండాది. మంట వెలుతురు దాని మీద పడాల. నిన్న పూజకు ముందర నేనే తుడిచినా, అద్దం మాదిరి ఉండాది. ఇంక కంట్రోల్ బాక్సే పోయుండాల. అది హోసూరులోనే దొరుకుతాది."

తిలక్ ఫోను తీశాడు.

చౌడమ్మకు సీజను ముందర చేసిన సామాన్ల పూజ గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం విప్పిన సామాను అరటాకు మీద పరిచి, అంకప్ప కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఆమె స్పానర్లకూ నాజిళ్ళకూ వరసగా గంధం పెడుతూ ఈ గుండ్రటి గాజు దగ్గరికి వచ్చింది. దేవుడి పటానికి పెట్టినట్టు నిండుగా గంధం అద్ది, మీద కుంకం ఒత్తింది. తరవాత మసక వెలుతురులో ఆయన చేతి అలవాటుకొద్దీ దాన్ని వెనక నుంచి పట్టుకుని బిగించేశాడు.

చెబితే ముప్పై మంది వింటారు. గంగక్క చచ్చేదాకా చెప్పుకుంటుంది. చెప్పకపోతే ఆయన పని పోతుంది.

"ఆ ఫోను ఆపు సామీ. ఆ గాజుకు నేను బొట్టు పెట్టినా."

అంకప్ప గబగబా దాన్ని బయటికి లాగాడు. గాజు మీద ఎండిన గంధం, నడుమ దర్జాగా కుంకం బొట్టు.

తిలక్‌కు నవ్వు ఆగలేదు. "దానికెందుకు పెట్టినావు చౌడమ్మా?"

"స్పానరుకు పెట్టి దానికి పెట్టకపోతే అదేం పాపం చేసింది? పెట్టగూడనిదాన్ని ఆకు మీద పెట్టినోళ్ళది తప్పు." కొంగు మొగుడి చేతికిచ్చి, "సరే, నాది గూడా," అంది.

ఆమె కొంగుతోనే గాజు తుడిచి బిగించి స్విచ్ వేశాడు అంకప్ప. ఆడవాళ్ళు గట్టిగా లెక్కపెట్టారు. ఐదు దాటింది, పది దాటింది. ఇరవై దగ్గర లెక్క మాని చప్పట్లు కొట్టారు. తిలక్ ఫోను జేబులో వేసుకున్నాడు.

"అక్కా, నా మొగుడి కళ్ళజోడుకు గూడా ఒక బొట్టు పెట్టు. నన్ను చూసి తిట్టకుండా ఉంటాడు," అంది గంగక్క.

"నిన్ను చూసేనా తిట్టేది? నువ్వు కాచే చింతపండు సారు వాసనకే తిడతాడు. నడువే, కాయలు మనకోసరం కాచుకోనుండాయి."

సాయంత్రం మోపెడ్ మీద అంకప్ప అడిగాడు: "అంతమంది ముందర ఎట్లా చెప్పినావే?"

"నీకు పని పోతే పగలంతా ఇంట్లో నీ మొగం ఎవురు చూసేది?"

ఆయన నవ్వుకు బండి అటూ ఇటూ ఊగింది.

"నవ్వింది చాలు, దోవ చూసి నడుపు," అంటూ ఆయన భుజం పట్టుకుంది చౌడమ్మ.