గుమ్మం దగ్గర చెప్పులు

మేము ఫిజీ నుంచి గిరావీన్ అనే ఈ శివారు పేటకు వచ్చిన కొత్తలో, సాయంత్రమైతే మా గుమ్మం బయట చెప్పుల గుట్ట ఉండేది. మా అబ్బాయితో ఆడుకోవడానికి వచ్చే తెల్లవాళ్ళ పిల్లలు, లెబనాన్ వాళ్ళ పిల్లలు మాలాగే బయటే చెప్పులు విడిచేవారు. చీకటిపడ్డాక హడావిడిలో ఎవరివో తొడుక్కుని పోయేవారు. మర్నాడు వాటిని మార్చుకోవడానికి వచ్చిన తల్లులు టీ తాగి, కబుర్లు చెప్పి వెళ్ళేవారు. ఆ వీధి మాకు అలా సొంతమైంది.

ఇన్నేళ్ళ తర్వాత అదే ఇంట్లో, యూనివర్సిటీలో చదివే మా మనవరాలు, పక్కింట్లో అద్దెకు దిగిన గుంటూరు అమ్మాయిలను చూసి, "టూ మెనీ ఆఫ్ దెమ్, తాతా" అంది. నాకు ఒళ్ళు మండింది.

"మనం మాత్రం ఇక్కడే మొలిచామా?"

"దట్స్ డిఫరెంట్."

ఏమిటట తేడా? ఆదివారం ఆ అమ్మాయిలిద్దరినీ భోజనానికి పిలిచాను. మనవరాలు ఫోనులోంచి తల ఎత్తలేదు. వాళ్ళు వెళ్ళాక చూస్తే, గుమ్మం దగ్గర దాని చెప్పులు లేవు. అలాంటివే మరో జత ఉంది.

"తాతా, ప్లీజ్, యూ గో."

"నావి కావుగా. నువ్వే పో."

సణుక్కుంటూ వెళ్ళింది. గంట దాటినా రాలేదు. గోడ అవతల నుంచి ముగ్గురి నవ్వులు వినిపించాయి. ఆ సాయంత్రం టీ నేనొక్కణ్ణే తాగాను. కోపం మాత్రం రాలేదు.