ద్రాక్షరసం మీద వాలిన నుసుములు

అరటిపండు కాస్త మాగితే చాలు, ఎక్కణ్ణించి వస్తాయో తెలియదు, ఆవగింజకు రెక్కలొచ్చినట్టు ఇంతింత ఈగలు. మా పక్క వాటిని నుసుములంటాం. కుట్టవు, కరవవు. చేత్తో విసిరితే లేస్తాయి, మళ్లీ అక్కడే వాలతాయి. మామూలుగా ఎవరూ వాటిని పట్టించుకోరు. మా ఇంట్లో మాత్రం ఒక ఏడు వాటి మీద యుద్ధమే జరిగింది.

అప్పటికి నాకు పెళ్లయి మూడేళ్లు. పందొమ్మిది వందల అరవై దాటిన కొత్త. బోగోలుకు తూర్పున, సముద్రం హోరు వంటింట్లోకి వినపడే చోట మా పల్లె. ఇంట్లో మేం ముగ్గురమే: నేను, మా ఆయన, మా అత్త. ముందర వసారాలో మా ఆయన అరటిపళ్ల కొట్టు పెట్టుకోని ఉన్నాడు. గెలలు దూలానికి వేలాడుతుండేవి.

మా అత్త చిన్నప్పుడే మొగుడు పోయిన మనిషి. చదువు రాదు. గుడిలో పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా ఆమెకు తెలియదు. కానీ నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభు బల్ల దగ్గర సంఘమంతా తాగే ద్రాక్షరసం మాత్రం ఆమె చేతిదే. నెల్లూరు నించి ఎండుద్రాక్ష తెప్పించేది. గురువారం కడిగి, కాచి చల్లార్చిన నీళ్లలో జాడీలో నానబెట్టి, మూతికి తెల్లగుడ్డ వాసెన కట్టేది. శనివారం పొద్దున ఒత్తి, వడగట్టి, ఒక పొంగు రానిచ్చి సీసాలో పోసేది. ఆ పనికి ఆమె ఒక కట్టడి పెట్టుకునింది. ఒంటి మీద గాయమున్నవాళ్లు దాన్ని ముట్టకూడదు. గ్రంథంలో ఉండే మాట కాదు, ఆమె సొంత మాట. పక్కింటి పిన్నమ్మ ఒకసారి సాయానికొస్తే, కత్తిపీటకు వేలు తెగుండటం చూసి, "నెత్తురు కారే చెయ్యి ప్రభువు రక్తానికి పనికిరాదు, పో" అని వాకిట్లోంచే పంపించేసింది. పిన్నమ్మ అది మరిచిపోలా.

ఆ ఏడు ఎండలు ముదిరినాక, ఒక మొదటి ఆదివారం రసం పులిసింది. సంఘం పెద్దాయన గిన్నెలో నుసుం తేలింది. సాయంత్రం గుడి పాస్టరు అయ్యగారు మా ఇంటికి వచ్చి, మంచి మాటతోనే చెప్పినాడు.

"తప్పు పట్టడానికి రాలేదమ్మా. వచ్చే నెల కూడా ఇట్టాగే అయితే వేరేవాళ్లకు చెబుదామంటున్నారు పెద్దలు. ముందుగా నీ చెవిన వెయ్యాలని వచ్చినా."

అత్త తల ఊపింది. ఆయన గడప దాటేదాకా నిలబడే ఉండి, తర్వాత నేల మీద కూలబడింది. అన్నానికి పిలిస్తే రాలా.

"గుడిలో నాదని చెప్పుకోను ఇదొక్కటే ఉండాది అమ్మణ్ణీ. అది గూడా పోతే నేనెందుకు అక్కడికి పోవాల?" అనింది.

మర్నాడు పొద్దున్నే గోడ మీంచి పిన్నమ్మ గొంతు. "ఏందక్కా, నుసుములకు గూడా ప్రభు భోజనం పెడతన్నావంటనే!"

"అవన్నా పిలవకుండా వస్తన్నాయిలే. నిన్ను గంట కొట్టి పిలిచినా రావు గదా!"

నవ్వుకున్నాం. కానీ ఆ రోజు నించి ఆమె నడుం బిగించింది.

మొదట గెలలు. "బయట పెడితే ఎండకు మాడతాయమ్మా" అని మా ఆయన బతిమాలినాడు. "మాడితే మాడనీ. నా రసం కంటే నీ పళ్లు ఎక్కువా?" అనింది. పాపం, కంచె పక్కన తాటాకు పందిరేసి గెలలన్నీ అక్కడికి మోసినాడు. తొక్కలు దొడ్లో పారెయ్యకుండా మోచెయ్యి లోతు ఇసకలో పూడ్చమనింది. ఉల్లిపాయల బుట్ట బోర్లిస్తే అడుగున ఒకటి కుళ్లి నీరు కారుతోంది. నీళ్ల కుండ కింది పాతగుడ్డ పిండితే పులుపు వాసన. ఇన్నాళ్లూ నుసుములను మేమే పెంచుతున్నామని అప్పుడు తెలిసింది. అంట్లు తోమే చోట తూములో రోజూ మసిలే నీళ్లు పోసినా. ఉప్పూ పసుపూ కలిపిన నీళ్లతో గచ్చు తుడిచినా. పొద్దుగూకే ముందు నిప్పుల మీద పచ్చి వేపాకు, వావిలాకు వేసి, తలుపులు మూసి పొగబెట్టేవాళ్లం. కళ్లు మండిపోయి ఇద్దరం వాకిట్లో కూర్చుని దగ్గుకునేవాళ్లం.

మిగిలినవాటికి ముంత పెట్టేది. బాగా మాగిన అరటిపండు పిసికి, బెల్లం ముక్క, రెండు రోజుల గంజి కలిపి, పైన కాస్త కుంకుడు నురగ. మూతికి కొట్టులో పొట్లాలు కట్టే కాయితాన్ని గరాటు మాదిరి చుట్టి, చిన్న బెజ్జం కిందికొచ్చేటట్టు పెట్టాల. తీపి వాసనకు లోపలికి పోతాయి, బయటికి దోవ తెలియదు. కుంకుడు నీళ్లు కాబట్టి వాలినవి వాలినట్టే మునిగిపోతాయి. ఈ కుంకుడు సంగతి ఆమెకు ఎవరు చెప్పినారో నాకు తెలియదు. మొదటి రోజు ముంత తీసి చూస్తే నల్లగా, నువ్వులు నానబోసినట్టుంది.

పది రోజులకు వంటింటి ముంతలో రెండో మూడో పడేవి. తర్వాత అవీ లేవు. కానీ నడవలో అత్త మంచం ఉండే మూల మాత్రం ఎప్పుడూ నాలుగు తిరగతా ఉండేవి. "అక్కడ ఒక ముంత పెడదాం అత్తా" అంటే, "కాలు తగిలి ఒలుకుతుంది, వద్దు" అనేది. తనే సాంబ్రాణి పొగ వేసుకునేది. ఆ మధ్య బావి దగ్గరికి నడవడం తగ్గించింది. చీర అంచు నేలకు ఆనేటట్టు కడతన్నది. చూసినా. వయసు అనుకున్నా.

తర్వాతి నెల మొదటి ఆదివారానికి ముందు గురువారం ద్రాక్ష నానబెట్టినాం. వాసెన కట్టడం అయినాక ఆమె దొడ్లోకి పోయింది. ఆ మూల నుసుములు జాడీ మీదికి వస్తాయేమోనని భయపడి, చెప్పకుండా ముంత తీసకపోయి మంచం కింద పెట్టబోయినా. వంగితే తీపీ కుళ్లూ కలిసిన వాసన కొట్టింది. పరుపు కింద మడతపెట్టిన గుడ్డ ఒకటి ఉంది. దాని మీద బెల్లం సున్నం పట్టు అట్ట కట్టుకోని ఉంది. దాని మీద నుసుములు.

ఆమె లోపలికొచ్చి నా చేతిలో గుడ్డ చూసింది. మంచం మీద కూర్చుని, చీర అంచు ఎత్తింది. అరికాల్లో, బొటనవేలి మొదట్లో, రూపాయంత గుంట. అంచులు నల్లబడినాయి. చుట్టూ పాదమంతా ఉబ్బుంది.

"ఎప్పుడు గుచ్చుకునింది అత్తా?"

"ముల్లో, గవ్వో. నొప్పుంటే గదా తెలిసేదానికి. చీము తగిలి గుడ్డ తడిసినాక చూసుకున్నా. బెల్లం సున్నం కడతన్నా, తగ్గద్దిలే."

ఆమెకు అతిమూత్రం జబ్బు, అదే చక్కెర జబ్బు, ఉండిందని తర్వాత ఆసుపత్రిలో చెప్పినారు. దొడ్లో ఆమె కూర్చున్న చోట చీమలు పడితే, "మీ అత్త ఒంట్లో చక్కెర మిల్లు ఉండాది" అని పిన్నమ్మ, నేను నవ్వుకున్నవాళ్లమే.

"ఆయనకు చెబతా. ఇప్పుడే బండి కట్టమంటా."

నా మణికట్టు పట్టుకునింది. చెయ్యి కాలిపోతా ఉంది. "ఆదివారం కానీ అమ్మణ్ణీ. సోమవారం యాడికి తీసకపోయినా వస్తా. వేలు తెగిందని దాన్ని గడప తొక్కనీలేదు నేను. ఇప్పుడు కుళ్లిన కాలు పెట్టుకుని రసం పట్టినానని తెలిస్తే దాని ముందర తలెత్తుకోగలనా?"

"మరి రసం?"

"నేను ముట్టను. నీ చేతులతో ఒత్తు. నేను పక్కన కూర్చుని చెబతా."

సరేనన్నా. ఆమె మీద జాలితో అన్నానని చాలా ఏళ్లు చెప్పుకున్నా. జాలి ఉండింది. భయమూ ఉండింది. కానీ ఆ జాడీలో చెయ్యి పెట్టాలని మూడేళ్ల నించి నాకు ఆశ. అది గూడా ఉండింది.

శనివారం ఆమె గడప అవతల కూర్చునింది. "పిసకొద్దు, ఒత్తు. గింజ చితికితే వగరొస్తుంది. గుడ్డ మెలితిప్పొద్దు, దానంతటది కారనీ" అని చెబతానే ఉంది. చెప్పేటప్పుడు పళ్లు టకటకలాడినాయి. ఎండాకాలంలో దుప్పటి కప్పుకునింది. చూస్తానే ఒత్తినా.

ఆదివారం రసం మెరిసిపోయింది. ఒక్క నుసుం లేదు. అయ్యగారు బల్ల దగ్గర గిన్నె ఎత్తి, మా అత్త వైపు చూసి చిన్నగా నవ్వినాడు. ఆమె ముఖం విప్పారింది. గిన్నె తన దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం పెదవికి తాకించుకోకుండా నాకు అందించేసింది. వెనక వరసలో పిన్నమ్మ అది చూసింది. ఇంటికి నడవలేక దారిలో కూలబడితే, ఆమెను ఎత్తుకున్న మొదటి చెయ్యి పిన్నమ్మదే.

సోమవారం తెల్లారక ముందే బండి, తర్వాత బస్సు, నెల్లూరు ఆసుపత్రి. డాక్టరుగారు కట్టు విప్పి చూసి, "నెల ముందు తేవాల్సిన మనిషి" అన్నాడు. మోకాలి పైకి తీసెయ్యాలన్నాడు. మా ఆయన వేలిముద్ర వేసినాడు. మెలకువ వచ్చినప్పుడు కాలు గురించి ఆమె అడగలా. "వచ్చే నెలకు ద్రాక్ష నెల్లూర్లో ఉండంగానే కొనుక్కోపో" అనింది నాతో. వారం తిరగలేదు, పోయింది.

ఇంటికి తెచ్చినాక వేపాకు నీళ్లతో పిన్నమ్మే కడిగింది. ఒంటి కాలు కడగతా ఏడ్చింది. "నాకొక్క మాట చెప్పుంటే, నాలుగు తిట్టి కట్టు కట్టేదాన్నే గదా అక్కా." అయ్యగారు వాకిట్లో నిలబడి, "గాయముంటే చెయ్యకూడదని నేనెప్పుడన్నా చెప్పినానా?" అని మా ఆయన్ను అడిగినాడు. ఆయనకేం తెలుసు?

సంఘం ఆ పని నాకు అప్పగించింది. ద్రాక్ష నానబెట్టే గురువారం వచ్చింది. ఇల్లంతా వెతికినా ఒక్క నుసుం లేదు. ఆ మూలలో గూడా లేదు. జాడీ ముందర కూర్చుని ఉంటే మా ఆయన వచ్చి పక్కన నిలబడినాడు.

"అమ్మ కాలు నీకెప్పుడు తెలిసింది?"

"గురువారం."

"శుక్రవారం, శనివారం, ఆదివారం" అన్నాడు నెమ్మదిగా. డాక్టరుగారు నెల ముందన్నాడు గదా అని నోటిదాకా వచ్చింది. అనలేకపోయినా. ఆయన కంచె పక్కకు పోయి, పందిట్లో గెలలు ఒక్కొక్కటే మోసుకొచ్చి, వసారాలో పాత చోటనే దూలానికి కట్టినాడు.

మర్నాటికి నుసుములు వచ్చేసినాయి. ముంతకు పండు పిసకబోయి, మానుకున్నా. జాడీ మూతి మీద మరొక తెల్లగుడ్డ వేసి, వాసెన రెండు చుట్లు బిగించి కట్టినా.